నొప్పి లేదుగా, మరి టెస్టెందుకు?

కిందటేడు సంక్రాంతి హడావుడి అయిపోయి, అరిసెల డబ్బా కూడా ఖాళీ అయ్యాక, ఒక పొద్దున్న కాఫీ ఇస్తూ మావారితో అన్నాను, "ఈ వారంలో ఒకసారి మామోగ్రామ్ తీయించుకుంటానండీ" అని. ఆయన పేపరు దించి "ఏం, ఏమైంది?" అన్నారు. ఏం కాలేదన్నాను. "మరెందుకు?" అన్నారు. అక్కడే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు తలెత్తి, "నొప్పేమైనా ఉందా అమ్మా?" అని అడిగారు. లేదండీ అన్నాను. "నొప్పి లేదుగా, మరి టెస్టెందుకు? లేనిపోనివి తవ్వుకోవడం కాకపోతే!" అని మళ్ళీ చిక్కుళ్ళలో పడ్డారు.

ఆవిణ్ణి తప్పు పట్టను. మన ఇళ్ళలో ఆడవాళ్ళ ఆరోగ్యానికి మొదట్నుంచీ ఉన్న లెక్కే అది. నొప్పి ఉంటేనే జబ్బు. అది కూడా పొయ్యి దగ్గర నిలబడలేనంత నొప్పయితేనే జబ్బు. పిల్లాడు రెండుసార్లు తుమ్మితే డాక్టరు, ఆయనకి బీపీ కాస్త పెరిగితే డాక్టరు, మనకి మాత్రం అమృతాంజనం. ఈ లెక్క జలుబుకీ తలనొప్పికీ సరిపోతుందేమో. రొమ్ము క్యాన్సర్‌కి సరిపోదు. ఎందుకంటే అది మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఈ ఒక్క సంగతి తెలియక మా ఇంట్లో ఒక మనిషి పోయింది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆ మనిషి మా పిన్ని. అమ్మకి స్వయానా చెల్లెలు. కోనసీమలో ఓ పల్లెటూరు, కొబ్బరి తోట, రెండు గేదెలు, ఇంటి నిండా మనుషులు. స్నానం చేస్తుంటే ఎడమవైపు బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా, అదే పోతుందిలే అనుకుంది. అప్పటికి కూతురి సంబంధాలు చూస్తున్నారు. "తల్లికి ఇలాంటి జబ్బుందంటే పిల్లనెవరు చేసుకుంటారు?" అన్నది ఆవిడ భయం. నిశ్చితార్థం అయింది, పెళ్ళయింది, మూడు నిద్రలయ్యాయి, అల్లుడికి ఆషాఢం మర్యాదలయ్యాయి. పదకొండు నెలలు. అప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది, చంకలోకి పాకింది. అప్పుడు మా అమ్మకి చెప్పింది, అది కూడా "అక్కా, ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకుని.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఆపరేషనూ, కీమోథెరపీ చేయించడానికి తోట అమ్ముకోవాల్సిన పని పడలేదు. అదే నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపిస్తుంది. డబ్బు అడ్డమైతే పేదరికం అనుకుని ఏడ్చేవాళ్ళం. అడ్డమైంది మాట. నోరు తెరిచి చెప్పవలసిన ఒక్క మాట. రెండున్నరేళ్ళు పోరాడి పిన్ని వెళ్ళిపోయింది. మనవణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుంది, వాడికి అన్నప్రాశన చేసేదాకా ఉండలేదు.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. నేను బీఏ తెలుగు చదివాను. మన కావ్యాల్లో స్త్రీ వక్షాన్ని వర్ణించడానికి ఎన్ని పర్యాయపదాలున్నాయో పరీక్ష కోసం బట్టీ పట్టిన దాన్ని. కుచములు, స్తనములు, పయోధరములు, ఇంకా ఎన్నో. పాఠం చెప్పే మాస్టారు తల పుస్తకంలోంచి ఎత్తకుండా చదివేసేవారు, మేం తలలు వంచుకుని వినేవాళ్ళం. ఇన్ని మాటలున్న భాషలో, డాక్టరు ముందు కూర్చున్న ఆడదానికి ఒక్కటీ నోటికి రాదు. "ఇక్కడ... ఛాతీ దగ్గర... కొంచెం..." అని చెయ్యి పెట్టీ పెట్టనట్టు చూపిస్తుంది. రొమ్ము అనండి. మోకాలు అన్నట్టే, మెడ అన్నట్టే, రొమ్ము అనండి. బిడ్డకి పాలిచ్చినప్పుడు లేని సిగ్గు, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎందుకు?

సరే, నా సంగతికి వస్తాను. నాకు 46. పిన్నికి వచ్చింది కాబట్టి నాకూ వస్తుందని కాదు. ఈ జబ్బులో వంశపారంపర్యంగా వచ్చేవి 100కి 5 నుంచి 10 మాత్రమేనని డాక్టర్లు చెబుతారు. అంటే "మా వంశంలో ఎవరికీ లేదు" అని ధీమాగా ఉండటానికీ లేదు, "మా పిన్నికుంది" అని కుంగిపోవడానికీ లేదు. మాకు తెలిసిన లేడీ డాక్టరుగారు చేత్తో పరీక్ష చేసి, గడ్డలేం తగల్లేదు గానీ ఒక మామోగ్రామ్ తీయించుకోమన్నారు. నెలసరి మొదలైన వారం తర్వాత వెళ్ళమన్నారు. నెలసరికి ముందు రొమ్ములు బరువుగా, సలుపుగా ఉంటాయి కదా, అప్పుడయితే యంత్రం నొక్కుడు భరించడం కష్టం.

ఆ రోజు తోడు ఎవరొచ్చారనుకున్నారు? అత్తయ్యగారే. "ఒక్కదానివీ ఏం వెళ్తావు" అని చీర మార్చుకుని ఆటో ఎక్కేశారు. ఊళ్ళోనే ఒక డయాగ్నస్టిక్ సెంటర్. హాల్లో పాతిక మంది ఉన్నారు. కౌంటరు అబ్బాయి గొంతెత్తి "మామోగ్రామ్ ఎవరండీ?" అని అరిచాడు. పాతిక తలలూ మావైపు తిరిగాయి. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అత్తయ్యగారు మాత్రం "ఆయ్, మేమే!" అని లేచారు. ఏదో ప్రసాదానికి పిలిచినట్టు.

లోపల టెక్నీషియన్ ఒక చిన్నమ్మాయి. ఆడపిల్లే ఉంటుందా అని ముందే ఫోన్లో కనుక్కున్నాను, మీరూ కనుక్కోండి, అడగడానికి మొహమాటపడక్కర్లేదు. "పౌడరు రాసుకున్నారా ఆంటీ?" అని మొదటి ప్రశ్న. మన కాకినాడ ఉక్కలో పౌడరు రాసుకోకుండా గుమ్మం దాటే ఆడది ఉందా! కానీ ఆ రోజు మాత్రం రాసుకోకూడదు. పౌడరు, చంకల్లో కొట్టుకునే స్ప్రే, క్రీములు ఏవీ వద్దు. వాటిలోని రేణువులు ఫిల్ములో తెల్లటి చుక్కల్లా పడి, లేని అనుమానం పుట్టిస్తాయట. నడుం దాకా బట్టలు తీసి, ముందువైపు తెరుచుకునే గౌను వేసుకోవాలి. కాబట్టి చీరైనా, చుడీదారైనా మేలు, ఒంటిపొరగా ఉండే నైటీలాంటి డ్రెస్సులు వద్దు.

తర్వాత మెడలోవి తీయమంది. నల్లపూసలు తీశాను. సూత్రాల దగ్గర చెయ్యి ఆగింది. నా పెళ్ళయ్యాక ఆపరేషన్ థియేటరులో తప్ప ఎప్పుడూ తీయలేదు. బయట కూర్చున్న అత్తయ్యగారి ముందు ఎలాగా అని ఒక్క నిమిషం నిలబడిపోయాను. ఆ అమ్మాయే తలుపు ఓరగా తీసి ఆవిణ్ణి పిలిచింది. అత్తయ్యగారు లోపలికొచ్చి, ఏమీ అనకుండా కుడిచెయ్యి చాపారు. తీసి అందులో పెట్టాను. కొంగుకి ముడేసుకుని "కానివ్వు" అని బయటికి వెళ్ళిపోయారు. ఆ గదికి రావడానికి నేను ఇన్నేళ్ళు భయపడిన దాంట్లో సగం ఆ ఒక్క మాటతో పోయింది.

యంత్రం నిలువుగా ఉంటుంది. ఒక పలక మీద రొమ్ము ఆన్చి, పైనుంచి పారదర్శకంగా ఉండే ఇంకో పలకతో నొక్కుతారు. ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు ఫోటోలు. నొక్కినప్పుడు నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను. అప్పడాల ప్రెస్సులో పిండిముద్ద పెట్టినట్టే ఉంది. కానీ ఒక్కో నొక్కుడు కొన్ని సెకన్లే. నొక్కడం దేనికంటే, కండ పలచగా పరుచుకుంటే లోపల దాక్కున్నవి విడివిడిగా కనిపిస్తాయి, రేడియేషనూ తక్కువ సరిపోతుంది. మొత్తం కలిపి ఇరవై నిమిషాల్లో బయటికి వచ్చేశాను. ఇక రేడియేషన్ భయం. ఒక మామోగ్రామ్‌లో తగిలేది, గాలి నుంచీ నేల నుంచీ మామూలుగా మన ఒంటికి సుమారు 7 వారాల్లో తగిలేంత. రెండు వేల లోపు ఖర్చయింది. ఓ మంచి ఉప్పాడ చీర ఖరీదులో అది ఏ మూలకి!

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. మర్నాడు రిపోర్టు తెచ్చుకుంటే అందులో బైరాడ్స్ 0 అని ఉంది. సున్నా అంటే ఏమీ లేదని సంబరపడ్డాను. కాదట. సున్నా అంటే "ఈ ఫోటోతో చెప్పలేం, ఇంకో పరీక్ష కావాలి" అని. 1, 2 అయితే బెంగ లేదు. 3 అయితే దాదాపు ప్రమాదం లేనిదే, ఆరు నెలల్లో మళ్ళీ చూడాలి. 4, 5 అయితే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి, అదే బయాప్సీ. 6 అంటే క్యాన్సరని అప్పటికే తేలినవాళ్ళకి. ఈ అంకెలు ముందే తెలిస్తే ఆ సాయంత్రం నేను అంత సంబరమూ పడేదాన్ని కాదు, ఆ రాత్రి అంత ఏడుపూ ఏడ్చేదాన్ని కాదు.

అల్ట్రాసౌండ్‌కి నాలుగు రోజుల తర్వాత టైమిచ్చారు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. రాత్రిళ్ళు లేచి పిల్లల గదిలోకి వెళ్ళి ఫ్యాను తగ్గించి వచ్చేదాన్ని, అవసరం లేకపోయినా. చివరికి తేలిందేమిటంటే ఒక నీటి తిత్తి. ఈ వయసులో చాలామందికి ఉంటుంది, ఏమీ చేయక్కర్లేదన్నారు.

ఇప్పుడు మీరడగచ్చు, ఉత్తినే భయపడ్డావు కదా, అత్తగారన్నదే నిజమైంది కదా అని. నేనూ ఆలోచించాను. నిజం చెప్పాలంటే మామోగ్రామ్‌కి ఉన్న లోపం ఇదే. అమెరికా లెక్కల్లో ఈ పరీక్ష చేయించుకున్న 100 మందిలో సుమారు 10 మందిని మళ్ళీ రమ్మంటారు, ఆ పదిమందిలో తొమ్మండుగురికి పైగా ఏమీ ఉండదు. ఇంకో లోపం, ఉన్నదాన్ని చూడలేకపోవడం. కండ దట్టంగా ఉన్న రొమ్ముల్లో, ముఖ్యంగా చిన్న వయసువాళ్ళలో, ఫోటో అంతా తెల్లగా పడి గడ్డ కనిపించకపోవచ్చు. అందుకే రిపోర్టు బాగుందని వచ్చినా, తర్వాత చేతికి ఏదైనా తగిలితే మళ్ళీ వెళ్ళాల్సిందే. ఏ వయసు నుంచి మొదలుపెట్టాలన్న దాంట్లోనూ అందరిదీ ఒకే మాట కాదు. అమెరికాలో 2024 నుంచి 40 ఏళ్ళకే మొదలుపెట్టి 74 దాకా రెండేళ్ళకోసారి అంటున్నారు. ఇంగ్లండులో 50 నుంచి 71 లోపు మూడేళ్ళకోసారి పిలుస్తారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో అయితే 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకోసారి, శిక్షణ పొందినవాళ్ళు చేత్తో పరీక్ష చేయాలన్నారు, అందరికీ మామోగ్రామ్ అనలేదు. కాబట్టి ఫలానా పుట్టినరోజున వెళ్ళిపోండి అని నేను చెప్పను. 40 దాటితే డాక్టరు దగ్గర కూర్చుని, "నాకు అవసరమా, ఎన్నాళ్ళకోసారి?" అని అడగండి. అమ్మకో, అక్కచెల్లెళ్ళకో వచ్చి ఉంటే ఇంకా ముందే అడగండి.

ఇన్ని లోపాలు చెప్పి కూడా వెళ్ళమని ఎందుకంటున్నానంటే, నా నాలుగు రాత్రుల నిద్ర ఒక పక్కన, పిన్ని పదకొండు నెలల మౌనం ఇంకో పక్కన పెట్టి చూసుకున్నాను కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకి కొత్తగా ఈ జబ్బు బయటపడింది. అదే ఏడు 98,000 మందికి పైగా చనిపోయారు. బయటపడ్డవాళ్ళలో సగం లెక్క అది. అమెరికాలో ఆరో వంతు లోపే. మందుల్లో తేడా కొంత ఉండచ్చు. కానీ మనవాళ్ళు డాక్టరు దగ్గరికి చేరేసరికే ఆలస్యమైపోతోందన్నది ఏ డాక్టరునడిగినా చెప్పే మాట. క్యాన్సర్ అనగానే మనకి హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి గుర్తొస్తుంది. ముదిరాక వెళ్ళే చోటు అందరికీ తెలుసు. ముదరకముందు వెళ్ళాల్సిన గది మన ఊళ్ళోనే ఉన్నా చాలామందికి తెలియదు.

మరి ఆ గది లేని ఊళ్ళ సంగతి? మా పిన్ని ఊళ్ళో యంత్రం లేదు, ఇప్పటికీ లేదు. దానికి కూడా దారి ఉంది. హైదరాబాదులో డాక్టర్ పి. రఘురామ్‌గారని రొమ్ము జబ్బుల సర్జన్ ఉన్నారు. స్వయంగా డాక్టరైన వాళ్ళమ్మ ఉషాలక్ష్మిగారికి ఈ జబ్బు వచ్చాక, ఆయన ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చేసి 2007లో ఆవిడ పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టారు. 2012 నుంచి 2016 మధ్య రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇప్పించి, దాదాపు రెండు లక్షల మంది ఆడవాళ్ళకి చేత్తోనే పరీక్ష చేయించారు. యంత్రం లేకుండా చెయ్యి ఏం కనిపెడుతుంది అంటారా? ముంబయిలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది ఆడవాళ్ళని ఇరవై ఏళ్ళు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ ఉన్న ఆడ కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూసిన చోట, 50 దాటినవాళ్ళలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్ళలో ఆ తేడా రాలేదు. కానీ జబ్బు మాత్రం ముదరకముందే బయటపడింది.

కాబట్టి మీ వీధిలోకి ఏఎన్‌ఎం అమ్మాయో, ఆశా కార్యకర్తో వచ్చి "అమ్మా, రొమ్ము పరీక్ష" అంటే, "పనిలో ఉన్నాం, తర్వాత రా" అని పంపేయకండి. మేమూ అలా పంపేసినవాళ్ళమే, అందుకే చెబుతున్నాను.

ఇక మన చెయ్యి. నెలనెలా తంతులా చేత్తో నొక్కి చూసుకోవడం వల్ల మరణాలు తగ్గుతాయని చైనాలో షాంఘై నగరంలో చేసిన పెద్ద పరిశోధనలో తేలలేదు. కాబట్టి దాన్నో వ్రతంలా పట్టుకుని భయపడక్కర్లేదు. కానీ మన ఒళ్ళు మనకి తెలిసి ఉండాలి. బియ్యంలో రాయి చేతికి తగిలితే చూడకుండానే పోల్చుకుంటాం కదా, రోజూ ముట్టుకునే చెయ్యి కాబట్టి. అలాగే. కొత్తగా గడ్డ తగిలినా, చంకలో ఉబ్బినా, చర్మం సొట్టపడినా, బత్తాయి తొక్కలా గరుకుగా అయినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తంలాంటిది కారినా ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి. వయసెంతైనా సరే, నొప్పి ఉన్నా లేకపోయినా సరే. డబ్బుకి వెనకాడితే కాకినాడలో మనకి పెద్దాసుపత్రి ఉంది, సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. జబ్బని తేలితే, ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, అందులో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఇంకో మాట. సూది గుచ్చితే జబ్బు పాకేస్తుందని బయాప్సీకి ఒప్పుకోనివాళ్ళున్నారు, మా పిన్ని కూడా మొదట అదే అంది. అది నిజం కాదు. ఆ సూది లేకుండా ఏ మందు పనిచేస్తుందో డాక్టరుకి తెలిసే దారి లేదు.

అన్నిటికంటే ముందు, ఎవరో ఒకరికి చెప్పండి. అమ్మకి, వదినకి, కూతురికి, మొగుడికి. ఒట్లు వేయించుకోకండి. ఎవరైనా మీచేత "ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకుంటే, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. మా అమ్మ పదిహేను రోజులు ఆ ఒట్టుకి కట్టుబడింది. ఆ పదిహేను రోజుల వల్ల ఏం మారి ఉండేది కాదని డాక్టరు చెప్పినా, ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

అల్ట్రాసౌండ్ రిపోర్టు వచ్చిన సాయంత్రం ఇంటికొచ్చి, దేవుడి దగ్గర దీపం పెట్టి, వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్యగారు కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి అడిగారు. "నాకు 68 కదా అమ్మా. నా వయసువాళ్ళకి కూడా తీస్తారా?"

"తీస్తారండీ. ఏం, నొప్పేమైనా ఉందా?" అన్నాను.

"నొప్పెందుకే, నొప్పి లేకుండానే చూపించుకోవాలన్నావుగా" అన్నారు.

ఆ గురువారం మళ్ళీ అదే ఆటో. ఈసారి సూత్రాలు పట్టుకోవడానికి చెయ్యి చాపింది నేను.